ఓపెన్ సోర్స్‌లోకి దూకే ముందు ఆఫీసులో ఇవి చూసుకోండి

పై నుంచి ఆర్డర్ వచ్చేసింది, ఇకపై అంతా ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్), అంతా డిజిటల్, మూడు నెలల్లో పూర్తి కావాలి అని. చాలా ఆఫీసుల్లో తర్వాత జరిగేది ఏంటంటే, ఒక శనివారం నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి అన్ని కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తారు, సోమవారం పొద్దున సెక్షన్‌లో గోల మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ మార్చడం నిజానికి తేలిక. దాన్ని పట్టుకుని వేలాడుతున్న పాత ఫైళ్లు, మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు), వెండర్‌తో రాసుకున్న కాగితాలే ఇబ్బంది పెడతాయి.

ముందు మాక్రోల సంగతి. దాదాపు ప్రతి సెక్షన్‌లో ఎవరో ఒకాయన ఎప్పుడో తయారుచేసిన ఎక్సెల్ షీట్ ఒకటుంటుంది, బటన్ నొక్కితే నెల స్టేట్‌మెంట్ వచ్చేస్తుంది, ఆయన రిటైరై ఏళ్లయింది, లోపల ఏముందో ఎవరికీ తెలీదు. ఎమ్మెస్ ఆఫీస్‌కి బదులు వాడే లిబ్రే ఆఫీస్‌లో అది తెరుచుకోకపోతే మంచిదే, కనీసం తెలుస్తుంది. తెరుచుకుని తప్పు లెక్క చూపిస్తేనే కొంప మునిగేది. అందుకే సెక్షన్ సెక్షన్‌కీ తిరిగి ఇలాంటి షీట్ల జాబితా రాసుకోండి, అయిపోయిన నెల లెక్కను పాతదాంట్లో, కొత్తదాంట్లో రెండిట్లోనూ వేసి పక్కపక్కన పెట్టి చూడండి. బోరు పనే, తప్పదు.

జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ విండోస్ నుంచి లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాలని 2003లో నిర్ణయించుకుంటే, దాదాపు 15,000 కంప్యూటర్లు మారేసరికి 2013 వచ్చింది. ఫారాలు, టెంప్లేట్ల బాధ పడలేక వోల్‌మక్స్ అని ఒక ప్రోగ్రామే సొంతంగా రాసుకున్నారు. 2017లో మళ్లీ విండోస్‌కి పోదామని కౌన్సిల్ ఓటేసింది (దాంట్లో రాజకీయం పాలు తక్కువేం కాదని నా అనుమానం). ఫ్రాన్స్ జాండర్మరీ పోలీసులు ఇంకో దారిలో వెళ్లారు. 2005లో ఓపెన్ ఆఫీస్‌తో మొదలుపెట్టి, తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ అలవాటు చేసి, జనానికి చేయి తిరిగాక 2008 నుంచి ఉబుంటు అనే లినక్స్ ఎక్కించారు. మీరూ ఆ వరుసే పట్టుకోండి, ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి చివర్లో వెళ్లొచ్చు.

ఫైలు ఫార్మాట్‌ని చిన్న విషయం అనుకోకండి. 2020 సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో చేరకుండా పోయాయి. కారణం ఎక్సెల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్, ఒక షీట్‌లో 65,536 వరుసలకు మించి పట్టదు, మిగతావి చడీచప్పుడు లేకుండా తెగిపోయాయి. కాబట్టి దిద్దాల్సిన పత్రాలకు ఓడీఎఫ్ (ఏ ఒక్క కంపెనీదీ కాని పత్రాల ఫార్మాట్), దాచుకోవాల్సిన వాటికి పీడీఎఫ్/ఏ (ఏళ్ల తరబడి భద్రపరచడానికి చేసిన పీడీఎఫ్ రకం), పెద్ద లెక్కలకు డేటాబేస్ అని ముందే రాతపూర్వకంగా తేల్చేయండి. మన లిపిలో పాత ఫైళ్లుంటే ఇంకో చిక్కు, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అక్షరాల కోడ్) కాని ఫాంట్లలో టైప్ చేసినవి ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, వెతికితే దొరకవు. మార్చే టూల్స్ ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి, ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే.

లైసెన్స్ డబ్బులు మిగిలాయని బడ్జెట్ కోసేయడం ఇంకో పొరపాటు. ఆ డబ్బు శిక్షణకీ, అప్‌డేట్లకీ, సపోర్ట్‌కీ కావాలి. 2021 డిసెంబర్‌లో ఎన్నో ప్రోగ్రాములు లోపల వాడుకునే లాగ్4జె అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (రెడీమేడ్ కోడ్ ముక్కలో) భద్రతా లోపం బయటపడినప్పుడు, అసలు తమ దగ్గర అది ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడానికే చాలామందికి రోజులు పట్టింది. ఏ అప్లికేషన్‌లో ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ ఉందన్న పట్టిక ఈరోజే మొదలుపెట్టండి.

టెండర్ కాగితాల్లో సోర్స్ కోడ్ ఎవరిదో స్పష్టంగా ఉండాలి. కోడ్ ఇస్తాం అని రాసి, చివర్లో ఒక జిప్ ఫైలు చేతిలో పెట్టి వెళ్లిపోయిన వెండర్‌ని నేనే చూశాను, దాన్ని ఎలా బిల్డ్ చేయాలో (నడిచే ప్రోగ్రాముగా మార్చాలో) చెప్పే కాగితం ముక్క కూడా లేదు. కోడ్ మొదటి రోజు నుంచీ ఆఫీసు రిపాజిటరీలోనే (కోడ్ దాచే చోటే) ఉండాలి, వెండర్‌తో సంబంధం లేనివాళ్లు దాన్ని ఖాళీ సర్వర్ మీద నడిపించి చూపించాకే ఆఖరి బిల్లు పాస్ చేయండి. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), అడ్మిన్ పాస్‌వర్డ్‌లు ఆఫీసు పేరు మీదే ఉండాలి, ఫలానా ఉద్యోగి సొంత మెయిల్ ఐడీ మీద అసలు వద్దు.

మీ కోడ్ అందరూ చూసేలా బయట పెట్టేముందు అందులో పాస్‌వర్డ్‌లు, కీలు (సిస్టమ్‌లోకి దారిచ్చే రహస్య కోడ్‌లు) ఉన్నాయేమో వెతకండి. నిన్న తీసేశాం అంటే సరిపోదు, కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ చరిత్రలో పాత కాపీ అలాగే ఉంటుంది, బయటపడిందనిపిస్తే ఆ కీని రద్దుచేసి కొత్తది పెట్టుకోవడమే. డేటా విషయంలో ఇంకా జాగ్రత్త. 2014లో న్యూయార్క్ ట్యాక్సీ ప్రయాణాల డేటా బయటికొచ్చినప్పుడు ట్యాక్సీ నంబర్లను ఎండీ5తో (ఏ నంబర్నైనా అర్థంకాని అక్షరాల వరుసగా మార్చే లెక్కతో) మరుగుపరిచారు, కానీ ఉండగలిగిన నంబర్లు పరిమితమే కాబట్టి అన్నిటికీ లెక్కగట్టి సులువుగా విప్పేశారు. పేరు కాలమ్ తీసేస్తే మనిషి కనపడడు అనుకోవద్దు, ఊరు, పుట్టినరోజు, వృత్తి కలిస్తే చాలు.

ఇక మార్చే తేదీ. నెలాఖరు, జీతాల బిల్లుల వారం, దరఖాస్తుల గడువు దగ్గరున్న రోజులు వద్దే వద్దు. బ్యాకప్ ఉంది అన్నవాళ్లను రీస్టోర్ చేసి చూపించమనండి. కొన్ని వారాలు పాతదీ కొత్తదీ కలిపి నడపండి, ఎన్ని గంటలు ఆగిపోతే వెనక్కి వెళ్లాలో, ఆ మాట ఎవరు చెప్పాలో ముందే రాసి గోడకు అంటించండి, ఆ టైమ్‌కి పై అధికారి ఫోన్ ఎత్తకపోవచ్చు. ఆన్‌లైన్ వచ్చింది కదా అని కాగితం తీసుకునే కౌంటర్ వెంటనే మూసేయకండి, ఓటీపీ రాని పెద్దాయన క్యూలో మొదట నిలబడేది అక్కడే.