జీఆర్ఈకి వెళ్లేలోపు నాలుగు యూనివర్సిటీల పేర్లు నోటికి రావాలి

అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నారా? అడ్మిషన్ కోసం రాసే జీఆర్ఈ పరీక్ష సెంటర్‌లో అయిపోగానే వెర్బల్ (ఇంగ్లిష్), క్వాంట్ (లెక్కలు) స్కోర్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఆ రోజే 4 యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు. మా తమ్ముడు టెన్షన్‌లో యూనివర్సిటీలు ఎంచుకునే పేజీ దాటేసి, తర్వాత ఒక్కోదానికీ డాలర్లలో కట్టాడు. పాపం, ఎవరూ చెప్పలేదు వాడికి.

కాగితం లోపలికి తీసుకెళ్లనివ్వరు, అందుకే పేర్లు ఊరితో సహా గుర్తుపెట్టుకోండి. టెక్సాస్ యూనివర్సిటీ అంటే ఆస్టిన్ వేరు, డాలస్ వేరు, ఆర్లింగ్టన్ వేరు. మీ డిపార్ట్‌మెంట్ జీఆర్ఈ అడుగుతోందో లేదో ముందే చూడండి, కొన్ని డిపార్ట్‌మెంట్లు స్కోరు పంపినా చూడవు. అడిగేవాటికే ఆ 4 వాడండి. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది, మిగతావాటికి నిదానంగా పంపుకోవచ్చు.