ముందు ఆ పాస్‌బుక్ తియ్యండి

నేను పలాసలో జీడిపప్పు పొర తీసే పనికి వెళ్తాను. ఇద్దరు పిల్లలు. మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయి రెండేళ్లయింది. ఉద్దానంలో ఆ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆయనలా పోయినవాళ్లవీ, చెన్నై పనికెళ్లి తిరిగి రానివాళ్లవీ కలిపి మా వీధిలోనే అయిదిళ్లు. పిల్లల్ని ఒక్కర్తే సాకుతున్న అప్పలూ చెల్లెళ్లూ ఏం చెయ్యాలని అడుగుతుంటే ఇది రాస్తున్నాను.

ఎంత దుఃఖంలో ఉన్నా మరణ నమోదు ఆపకండి. 21 రోజుల్లోపు అయితే ఫీజు ఉండదు. ఆ సర్టిఫికెట్ లేనిదే ఏ పనీ కదలదు.

తర్వాత ఆయన పాస్‌బుక్‌లో ప్రింట్ వేయించి, వేలు పెట్టి ఒక్కో వరుసా చూడండి. 436 రూపాయలు కట్టయినట్టుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. జబ్బుతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలదైతే సురక్ష బీమా, అది ప్రమాదాలకే. ఆ 436ని నేను బ్యాంకు చార్జీ అనుకుని, పుస్తకాన్ని ఏడాదిపాటు ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టేశాను. తెలిశాక డబ్బు వచ్చింది గానీ, అప్పటికే అప్పులవాళ్ల కోసం చెవి కమ్మలు అమ్మేశాను. మీకలా జరగకూడదు. ఆయనకి పీఎఫ్ ఉందేమో కూడా కనుక్కోండి. భార్యకే కాదు, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా పింఛను ఉంటుంది.

వితంతు పింఛను నెలకి 4,000. మీ ఊరి సచివాలయంలో అడగండి.

ఎక్కువమందికి తెలియనిది మిషన్ వాత్సల్య. తండ్రి చనిపోయినా, వదిలేసి వెళ్లినా, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటని ఇంటి పిల్లలకి 18 ఏళ్లదాకా నెలకి 4,000 ఇచ్చే పథకం. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. ఎవరికివ్వాలో కమిటీ తేలుస్తుంది. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, మొహమాటపడకండి.

చదువుకునే పిల్లల తల్లులకి ఏటా ఇచ్చే తల్లికి వందనం కింద బిడ్డకి 13,000 చొప్పున మీ ఖాతాలో పడాలంటే, ఆ ఖాతాకి ఆధార్ లింకు ఉండాలి, పిల్లల హాజరు 75 శాతం ఉండాలి.

భర్త వదిలేసినవాళ్లకి ఒక మాట. పెద్దమనుషులు “కొన్నాళ్లు చూద్దాం” అంటే ఏళ్లు గడిచిపోతాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. ఫోన్ 15100. పెళ్లి ఫొటో, పిల్లల ఆధార్, ఆయన పనిచేసే చోటు అడ్రసు పట్టుకెళ్లండి. మీకూ పిల్లలకీ భరణం కేసు మీరుండే చోటి కోర్టులోనే వెయ్యొచ్చు, చెన్నై దాకా పోనక్కర్లేదు.