మార్పు అనగానే సంఘం ఎందుకు బిగుసుకుంటుంది? చెన్నై తెలుగు సంఘాలకు కొన్ని సమస్యలు, పరిష్కారాలు

పెరంబూరు వైపు ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో చాలా ఏళ్లుగా కమిటీ పని చూస్తున్నాను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టర్ ఆరాధనను ఫోన్లలోనే చూశాం. తలుపులు మళ్లీ తెరిచాం కానీ సంఘం మునుపటిలా లేదు. ఉద్యోగాలు నిలకడగా లేవు, అద్దెలు పెరిగాయి, కొన్ని కుటుంబాలు ఊళ్లకు వెళ్లిపోయాయి. ఇలాంటప్పుడు ఏదో ఒకటి మార్చాలని అందరికీ అనిపిస్తుంది. మేమూ మార్చాం, కానీ కారణం తెలుసుకోకుండా మార్చాం. అందుకే ఇది రాస్తున్నాను.

సమస్య: పిల్లలు వెనక బెంచీల్లోనే ఉంటారు. ప్లస్ టూ అయ్యేసరికి ఇంగ్లీషు ఆరాధన ఉన్నచోటికి వెళ్లిపోతారు.

భక్తి తగ్గిందని పెద్దలు అన్నారు. సంగీతం పాతబడిందని మేం అన్నాం. గిటారు కొన్నాం, డ్రమ్స్ తెచ్చాం. ఆరు నెలలు గడిచినా వెనక బెంచీలో మార్పు లేదు.

ఒక ఆదివారం టెన్త్ చదివే అమ్మాయి నా పక్కన కూర్చుంది. చేతిలో కీర్తనల పుస్తకం తెరిచి ఉంది. మొదటి కీర్తన ముగిసి రెండోది మొదలైంది. పెదవులు కదులుతున్నాయి కానీ పేజీ మాత్రం మారలేదు. ఆరాధన అయ్యాక "పేజీ దొరకలేదా అమ్మా?" అని అడిగాను. తల దించుకుని "చదవడం రాదు అంకుల్" అంది.

*కారణం:* ఇంట్లో ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, లిపి మాత్రం రాదు. ఇక్కడ 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి వచ్చింది. కాబట్టి మన పిల్లల్లో చాలామందికి బైబిలూ కీర్తనల పుస్తకమూ మూసిన తలుపుల్లాంటివి. ఆ మాట బయటికి చెప్పలేక వెనక్కి వెళ్లి కూర్చుంటున్నారు. దాన్ని మనం అవిశ్వాసం అనుకున్నాం.

*పరిష్కారం:* ఆ వారం పాడే పాటలను తెలుగుతో పాటు తమిళ లిపిలో కూడా తెర మీద వేయండి. తమిళంలో త, ద రెంటికీ ఒకే అక్షరం, క, గ లకూ అంతే. 'దయ'ను 'తయ' అని చదివే వీలుంది కాబట్టి పక్కన పాడే పెద్దలు ఒకరు ఉండాలి. ఆరాధనకు ముందు అరగంట అక్షరాలు నేర్పండి. మొదటి పాఠంగా వాళ్ల పేర్లే రాయించండి.

అన్నిటికంటే ముఖ్యం, పాటలు తెర మీద వేసే పనిని పిల్లల చేతికే ఇవ్వడం. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు భాష మాట్లాడేవాళ్లు రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణిగారు. అప్పుడు ఆ పంపకం చూడటానికి సంఘం ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. సణుగుడు ఎటునుంచి వచ్చిందో పనిని అటువైపువాళ్లకే అప్పగించారు. ఈ వచనాలు ఎన్నోసార్లు చదివాను, ఆ పేర్లను మాత్రం పట్టించుకోలేదు.

సమస్య: కమిటీలో ఏ మార్పు ప్రస్తావించినా పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారు.

*కారణం:* వాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది నిర్ణయమైపోయి ఉంటుంది. ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్లకు మిగిలింది ఆ పాత పాట, ఆ ఆరాధన క్రమం. దాన్ని కూడా తీసేస్తున్నారని భయం.

*పరిష్కారం:* ఇందుకు పాఠం ఇదే ఊళ్లో ఉంది. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజులవి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అనే వేర్వేరు క్రైస్తవ శాఖలవాళ్లు ఒకటయ్యారు. ఆ చర్చలు 1919లో తరంగంబాడిలో మొదలయ్యాయి, అంటే 28 ఏళ్లు పట్టింది. వాటిని ముందుండి నడిపినవాళ్లలో ఒకరైన బిషప్ అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో సేవ చేశాడు. ఆ ఐక్యతను చూడకుండానే 1945లో కన్నుమూశాడు.

ఏ సంఘం మీదా మనస్సాక్షి ఒప్పని ఆరాధన పద్ధతిని బలవంతంగా రుద్దబోమని వాళ్లు ముందే రాతపూర్వకంగా మాట ఇచ్చారు. మీరూ అదే చేయండి. మార్చబోయేది చెప్పేముందు మారనివి ఏవో కాగితం మీద రాసివ్వండి. కొత్త పద్ధతిని ఆరు ఆదివారాలు మాత్రమే పెట్టి, ఏడో ఆదివారం అందరినీ అడగండి. వద్దంటే నిజంగానే ఆపండి. మా సంఘంలో ఒకసారి ఆపాం. ఆ తర్వాతే పెద్దలు మా మాట నమ్మారు.

సమస్య: కానుకలు తగ్గాయి, కొన్ని కుటుంబాలు కనబడటం లేదు.

*కారణం:* ఈ రెండూ ఒకే సమస్య. ఉద్యోగం పోయిన ఇంటాయన పేరు రాసిన కవరులో వంద రూపాయలు పెట్టలేక, ఖాళీ చేతులతో రాలేక ఇంట్లోనే ఉండిపోతాడు.

*పరిష్కారం:* కవరు మీద పేరు తీసేయండి, పేర్లు చదవడం మానేయండి. ప్రతి నెలా జమాఖర్చులు నోటీసు బోర్డుకు పెట్టండి. ఫీజులకూ మందులకూ సహాయ నిధి ఉంచి, దాన్ని పాస్టరుగారు, ఇంకో ఇద్దరు మాత్రమే చూడాలి. తీసుకున్నవారి పేరు కమిటీకి కూడా తెలియనక్కర్లేదు.

సమస్య: వృద్ధులు ఫోన్‌లోనే ఆరాధన చూసి సరిపెట్టుకుంటున్నారు.

*కారణం:* చాలాసార్లు మెట్లు, బస్సు, మోకాళ్లు. ముందు అడిగి తెలుసుకోండి.

*పరిష్కారం:* ఆటో పంచుకునేవాళ్లను చూడండి. రాలేనివారికి ప్రభురాత్రి భోజనాన్ని ఇంటికే తీసుకెళ్లండి. మేం అలా ఒక మామ్మగారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ టెన్త్ అమ్మాయి కూడా వచ్చింది. మామ్మగారికి చూపు ఆనదు, కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఇప్పుడు శనివారాల్లో ఆమె మంచం మీద కూర్చుని పాడుతుంటే, ఆ పిల్ల కింద కూర్చుని తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది. ఎక్కడైనా 'తయ' అని పలికితే మామ్మగారు ఆపి, మళ్లీ మొదటి నుంచి పాడిస్తుంది.