సెయిల్‌బోట్ హ్యాచ్‌కి కొత్త అక్రిలిక్ బిగించడం

హ్యాచ్ అంటే డెక్ (పడవ పైభాగం) మీద తెరుచుకునే కిటికీలాంటి మూత. దాని కింది బంక్ (పడక) తడుస్తోందంటే అక్రిలిక్ పలకనే అనుమానించకండి. నీళ్లకు మూడు దారులున్నాయి: మూత కింది రబ్బరు గాస్కెట్, అక్రిలిక్‌కీ అల్యూమినియం ఫ్రేముకీ మధ్య అతుకు, ఫ్రేముకీ డెక్‌కీ మధ్య అతుకు. పైపైన గీతలు మాత్రమే ఉంటే 600, 1000, 2000 నంబరు శాండ్‌పేపర్లతో తడిపి రుద్ది పాలిష్ చేస్తే చాలు. వెంట్రుకల్లాంటి పగుళ్లు లోపలికి దిగితే మాత్రం పలక మార్చాల్సిందే.

పాత సీలెంట్‌ను సన్నటి బ్లేడుతో కోసి పలకను విరగకుండా తీయండి, కొత్తదానికి అదే నమూనా. మందం కాలిపర్‌తో కొలవండి. చిన్న పడవల్లో తరచుగా 10 లేదా 12 మి.మీ. ఉంటుంది. కాస్ట్ అక్రిలిక్ (అచ్చులో పోసి చేసినది) అనే అడిగి తీసుకోండి. పాలికార్బొనేట్ దెబ్బకు గట్టిదే, కానీ త్వరగా గీతలు పడుతుంది, ఎండకు పచ్చబడుతుంది.

చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదలాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: బిగుతుగా కూర్చుంటే పని బాగా కుదిరిందనుకుంటారు. 500 మి.మీ. పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 1.4 మి.మీ. సాగుతుంది. చోటు లేకపోతే అతుకు చిరుగుతుంది, లేదా పలకే పగులుతుంది. హ్యాండిల్ రంధ్రాలు కూడా స్క్రూ కంటే కాస్త పెద్దవిగానే వేయండి.

సీలెంట్‌గా న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆమ్లం వదలని) స్ట్రక్చరల్ సిలికాన్ వాడాలి. డౌసిల్ 795 అలాంటిదే. వెనిగర్ వాసన వచ్చే బాత్రూం సిలికాన్ అల్యూమినియంను తినేస్తుంది. పాలీసల్ఫైడ్ సీలెంట్ అక్రిలిక్‌ను పాడుచేస్తుంది. 500 మి.మీ. చదరానికి 300 మి.లీ. ట్యూబు ఒకటి సరిపోతుంది.

ఫ్రేములో పాత సిలికాన్ పొర కూడా మిగలకుండా గీకండి, దాని మీద కొత్తది పట్టదు. యానోడైజ్ చేసిన ఫ్రేమును అసిటోన్‌తో తుడవచ్చు గానీ అక్రిలిక్‌కి దాన్ని తగలనివ్వకండి, పగుళ్లొస్తాయి. అక్రిలిక్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అతికే అంచు వరకే రక్షణ కాగితం ఒలిచి, పక్కన మాస్కింగ్ టేపు వేయండి.

ముందురోజే పలక కూర్చునే ఫ్రేము మెట్టు మీద 3 మి.మీ. ఎత్తున ఆరిన సిలికాన్ ముక్కలు అతికించండి. పలక వాటిపై ఆగుతుంది, సీలెంట్ పూర్తిగా నలిగి బయటికి రాదు. సీలెంట్‌ను తెగకుండా గీతలా వేసి, పలకను సమానంగా నొక్కి, అంచు ఖాళీని నింపి, పొర కట్టకముందే నునుపు చేసి టేపు లాగేయండి. బరువు పెట్టకండి. కనీసం వారం రోజులు కదపొద్దు.

ఫ్రేమును కూడా డెక్ నుంచి ఊడదీస్తే, కోసిన అంచు వెంట 10 మి.మీ. లోతున బాల్సా (డెక్ పొరల మధ్య ఉండే తేలికపాటి చెక్క) ఉంటే తీసి, చిక్కబరచిన ఎపాక్సీ నింపండి. డెక్ వంపుగా ఉంటే ముందు ఎపాక్సీతోనే సమం చేయాలి. స్క్రూలతో ఫ్రేమును కిందికి లాగితే అది మెలితిరిగి కొత్త అతుకునూ విప్పేస్తుంది. ఫ్రేము కింద బ్యుటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) పరిచి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి.

చివరగా ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, మరొకరు పైపు నీళ్లు పట్టాలి. కింది అంచుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి, లేకపోతే ఏ అతుకు కారుతోందో తెలియదు.