పాత పెంకుటింటి మరమ్మతులు: బజారు పనుల్లో చిక్కులు, పరిష్కారాలు

కోనసీమలో మా తాతగారి నాటి మండువా లోగిలిలో ఉంటున్నందున, వారానికి రెండుసార్లయినా ఏదో ఒక సామాను కోసం నేను బజారుకు వెళ్ళవలసి వస్తుంది. ఆ తిరుగుడులో దొరికే నవ్వును వదులుకోకపోతే పని కూడా త్వరగా తెములుతుందని నా అనుభవం.

సమస్య: కొత్త పెంకు పాతవాటి మధ్య కూర్చోదు.

కారణం: బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ మిషనరీ సంస్థ వారు 1865లో మంగుళూరులో పెంకుల కర్మాగారం నెలకొల్పిన తరువాత, ఆ తరహా పెంకులను అనేక కర్మాగారాలు తయారుచేశాయి. చూపుకు అన్నీ ఒకటిగానే కనిపించినా, ఒకరి పెంకు గాడిలో మరొకరి పెంకు సరిగా అమరదు.

పరిష్కారం: కొలతలు రాసుకోవడం కన్నా పెంకునే వెంట తీసుకువెళ్ళి, దాని మీద అచ్చుపోసిన పేరును పోల్చి చూడాలి. నేను ఒకసారి పెంకును పాత తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని బస్సెక్కితే, కండక్టరు గారు పక్కనున్న ఆయనతో “చంటిబిడ్డ ఉంది, కాస్త జరగండి” అన్నారు. తువ్వాలు విప్పి చూపించగానే బస్సంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే వెనుక సీటులోని ఒక పెద్దాయన పెంకును చేతిలోకి తీసుకుని, దాని మీది పేరు చదివి, తమ వీధిలో అదే పెంకుల ఇంటిని విప్పుతున్నారని చెప్పారు. మాకు కావలసిన నలభై పెంకులూ అక్కడే దొరికాయి.

సమస్య: వాన కారుతున్న చోటికి నేరుగా పైనున్న పెంకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

కారణం: నీరు ఎగువన ఎక్కడో దిగి, వాసం వెంట జారి, దిగువన చుక్కలుగా పడుతుంది.

పరిష్కారం: మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసి పైకి చూస్తే, పెంకు జరిగిన చోట వెలుగు చుక్క కనిపిస్తుంది. అక్కడ ఈనెపుల్ల గుచ్చితే పైకెక్కిన మనిషికి చోటు తెలుస్తుంది. మా అమ్మాయి ఏడు చుక్కలు లెక్కపెట్టి, వాటికి సప్తర్షి మండలమని పేరు పెట్టింది. ఆ సాయంత్రం పనివాడు దిగివచ్చి, “అమ్మాయిగారూ, ఏడుగురినీ పంపించేశాను” అన్నాడు.

సమస్య: వానాకాలంలో తలుపు పట్టేస్తుంది.

కారణం: తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పై బందు మరలు వదులైనా తలుపు కుంగి గడపకు రాసుకుంటుంది.

పరిష్కారం: ముందు మరలు బిగించి, రాసుకునే అంచుకు కొవ్వొత్తి రుద్దాలి. వానల్లో చిత్రిక పట్టిస్తే వేసవిలో సందు పడుతుంది కనుక ఆ పని చేయించవద్దు. పక్కింటి మామ్మగారు బియ్యం ఆరబోసే ముందు, “మీ తలుపు ఇవాళ తేలిగ్గా వస్తోందా?” అని మమ్మల్ని అడిగి మరీ వెళతారు.

సమస్య: ఊరి నుంచి తిరిగి వచ్చాక చేతిపంపు గాలే కొడుతుంది.

కారణం: వాడకం లేక తోలు వాషరు ఎండి ముడుచుకుపోతుంది. నీరు అందుకున్నాక కూడా వెంటనే జారిపోతుంటే ఎక్కిన నీటిని కిందికి జారనివ్వని అడుగు వాల్వును అనుమానించాలి.

పరిష్కారం: పైనుంచి చెంబెడు నీళ్ళు పోసి, తోలు నానాక కొట్టి చూడాలి. అప్పటికీ అందకపోతే పాత వాషరును దుకాణంలో చూపించి అదే కొలతది తెచ్చి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తెల్లవారాక బిగించాలి.