గులకరాళ్ల తీరాల నమూనా – మూడవ పాఠం: స్థిరత్వ సంఖ్యను లెక్కించడం

గత పాఠంలో సిద్ధవటం దగ్గర పెన్న ఒడ్డున ఏరిన గులకరాళ్లను ఒక్కొక్కటిగా తూచి, తేలికవాటి నుండి బరువైనవాటి వరకు వరుసగా పేర్చి, బరువులు కూడుకుంటూ పోగా మొత్తంలో సగం ఏ రాయి దగ్గర పూర్తవుతుందో గుర్తించాము. ఆ రాయి 72 గ్రాములు తూగిందనుకుందాం. రాతి సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు కనుక దాని ఘనపరిమాణం సుమారు 27 ఘన సెంటీమీటర్లు, దాని ఘనమూలం 3 సెంటీమీటర్లు. ఈ మూడు సెంటీమీటర్లనే ఇకపై మన గులకరాళ్ల రాశిలోని రాయి కొలతగా తీసుకుని, రాశి కొలత అందాం. టేపుతో వ్యాసం కొలవడం కన్నా తూకమే నమ్మదగినది, ఎందుకంటే ఏటిరాళ్లు గుండ్రంగా కాక చదునుగా ఉంటాయి.

కడపకు సముద్రం లేదు, ఆంధ్ర తీరంలోనూ ఎక్కువగా ఇసుకే ఉంది. కనుక మన రాశిని ఊహలో సముద్రపు ఒడ్డున పోద్దాం. అక్కడ అలల ఎత్తు 2 మీటర్లు. అంటే వచ్చిన అలలలో పెద్దవైన మూడవ వంతు అలల సగటు ఎత్తు. రాతి సాంద్రతను సముద్రపు నీటి సాంద్రతతో భాగించి (2650 ÷ 1025) ఒకటి తీసివేస్తే 1.585 వస్తుంది. దీనిని రాశి కొలత 0.03 మీటర్లతో గుణించి, ఆ లబ్ధంతో అల ఎత్తును భాగించండి. జవాబు 42. ఇదే స్థిరత్వ సంఖ్య.

నెదర్లాండ్స్ ఇంజనీరు వాన్ డెర్ మీర్ 1988లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం ఈ సంఖ్య 1 నుండి 4 లోపల ఉంటే రాళ్లు దాదాపు కదలవు, 15 నుండి 500 వరకు ఉంటే అది గులకరాళ్ల తీరం, 500 దాటితే ఇసుక తీరం. మన 42 దగ్గర ప్రతి పెద్ద అలకూ రాళ్లు దొర్లుతూనే ఉంటాయి, అయినా తీరం తన రూపాన్ని నిలుపుకుంటుంది. ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించేది ఇదే కనుక కారణాన్ని నిదానంగా చూద్దాం. పైకి ఎగబాకే నీరు రాళ్లను మోసుకుపోతుంది. తిరిగి దిగవలసిన నీటిలో చాలా భాగం రాళ్ల సందుల్లోకి ఇంకిపోతుంది. బలం తగ్గిన తిరుగునీరు తెచ్చిన రాళ్లన్నిటినీ వెనక్కి లాగలేదు. అలా మిగిలిన రాళ్లు పైన గట్టుగా పేరుకుంటాయి, వాలు ఇసుక తీరం కన్నా నిటారుగా నిలుస్తుంది. ఇంగ్లండులో 29 కిలోమీటర్ల పొడవున్న చెసిల్ తీరం ఇటువంటి గట్టే. నీరు ఇలా ఇంకడాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసిన నమూనా ఈ గట్టును చూపజాలదు.

ఇక అభ్యాసం. చెరువు కట్ట లోపలి వాలుపై 30 సెంటీమీటర్ల కొలత గల రాళ్లు పరిచారు, గాలికి లేచే అల 40 సెంటీమీటర్లు. మంచినీటికి 1.585 బదులు 1.65 వాడాలి. జవాబు 0.8, రాయి కదలదు. అక్కడే 2 సెంటీమీటర్ల కంకర పోస్తే 12 వస్తుంది, కంకర జారి వాలు రూపమే మారుతుంది. మన జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లోనే మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలలో దృఢమైన రాతికట్టను చేర్చింది. మీ ఊరి చెరువుకట్ట మీది రాయిని ఒకదానిని కొలిచి, అది ఎంత ఎత్తు అల వద్ద 4 దాటుతుందో లెక్క కట్టి ఉంచుకోండి. తుఫాను అల గట్టును దాటినప్పుడు ఏమవుతుందో చూసే నాలుగవ పాఠంలో ఆ అంకెతోనే మొదలుపెడతాము.