హెచ్‌బీఏ1సీ రిపోర్టు చదవడం ఎలా

హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష. దీనికి పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ తిని ఏ వేళకైనా వెళ్లొచ్చు. ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులోకి రక్తం తీస్తారు.

రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాల హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది; ఆ కణం బతికే సుమారు 120 రోజులూ వదలదు. అలా గ్లూకోజు అంటుకున్న హిమోగ్లోబిన్ ఎంత శాతమో రిపోర్టులోని అంకె చెబుతుంది. అందుకే పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం, స్వీట్లు మానేసి లాభం లేదు. చివరి నెల ప్రభావం మాత్రం దాదాపు సగం ఉంటుంది.

5.7 శాతం లోపు మామూలు. 6.4 వరకు ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ), 6.5 నుంచి మధుమేహం. మందులు వాడే చాలామందికి లక్ష్యం 7 లోపు. పెద్దవయసువాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు డాక్టరు కొంత సడలిస్తారు. వచ్చిన అంకెను 28.7తో గుణించి 46.7 తీసేయండి, సగటు షుగర్ తెలుస్తుంది: 7 అంటే 154, 8 అంటే 183.

ఇంట్లో మీటరు చూపేదానికీ దీనికీ పొంతన లేకపోతే డాక్టరుకు చెప్పి రక్తహీనత ఉందేమో చూపించుకోండి. ఐరన్ లోపిస్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా లెక్క తప్పుతుంది. ఒకపూట 60, మరోపూట 250 ఉన్నా సగటు బాగానే కనబడొచ్చు, కాబట్టి మీటరు పక్కన పడేయొద్దు.

మందు మార్చాక మూడు నెలలకు, కుదురుగా ఉంటే ఆరు నెలలకోసారి, వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోండి.